అడవి గోధుమ, సాగు గోధుమ: కంకిలో తేడా ఎక్కడ చూడాలి?

హనుమకొండ బాటనీ
నమస్తే. ఎమ్మెస్సీ బాటనీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. గోధుమ, దాని చుట్టాల బాహ్య లక్షణాలను పోల్చమని ప్రాజెక్టు ఇచ్చారు. నా దగ్గర ఆదిలాబాద్ వైపు నుంచి తెచ్చిన మామూలు గోధుమ కంకులు, కర్ణాటక నుంచి ఒకరు పంపిన ఖప్లీ (పొట్టు గట్టిగా ఉండే ఒక రకం గోధుమ) కంకులు ఉన్నాయి. అడవి ఐన్‌కార్న్, అడవి ఎమ్మర్ (రెండూ పాత గోధుమ జాతులు), ఈజిలాప్స్ టౌషీ (గోధుమకు చుట్టమైన అడవి గడ్డి), వీటివి మాత్రం హెర్బేరియం ఫొటోలే. మొక్క ఎత్తు, పిలకలు, ఆకు వెడల్పు, కంకి పొడవు, మీసాల పొడవు, వెయ్యి గింజల బరువు అని పట్టిక గీశాను. నింపుతున్నకొద్దీ అడవివి ఒకవైపు, సాగువి ఒకవైపు వేరుపడతాయనుకుంటే అన్నీ కలగాపులగం అవుతున్నాయి. ఖప్లీని ఏ వైపు పెట్టాలో అసలే అర్థం కావట్లేదు. మా వరంగల్ చుట్టుపక్కల వరి, పత్తి, మిర్చి తప్ప గోధుమ చేను కనపడదు, అడుగుదామన్నా మనిషి లేడు. తెలిసినవాళ్లు చెప్పండి.

జైనథ్ రైతు
మనిషి ఇక్కడున్నాడు చెల్లె. మా దగ్గర సోయా తీసినంక యాసంగిలో గోధుమ వేస్తాం, ఎక్కువ కాదు, ఇంటికి సరిపోను. చలి ఉంటది కాబట్టి పండుతది. ముందు ఆ ఎత్తు గడి కొట్టెయ్. మా నాయన కాలపు గోధుమ ఛాతీ దాకా పెరిగి గాలికి పడిపోయేదట. ఇప్పటిది నడుము దాకా వస్తే గొప్ప. రెండూ మనం వేసినవే కదా.

బ్రీడర్ 42
అన్న చెప్పింది సరైన మాట. (నాది జగిత్యాల దగ్గర పల్లె, ఉద్యోగం ఉత్తరాదిలో, గోధుమ మీదే.) ఇప్పటి గోధుమ పొట్టితనానికి మూలం నోరిన్ 10 అనే జపాన్ రకం. ఆ జన్యువులతో మెక్సికోలో బోర్లాగ్ బృందం తయారుచేసిన సోనోరా 64, లెర్మా రోహో 1960లలో మన దేశానికి వచ్చాయి. తర్వాత కల్యాణ్ సోనా, సోనాలిక. అంటే ఇది నిన్నమొన్నటి మార్పు. గోధుమ అడవి వదిలి పొలంలోకి వచ్చింది పది వేల ఏళ్ల కింద. పైగా మీ ఫొటోల్లో ఉన్న ఈజిలాప్స్ టౌషీ మోకాలెత్తు గడ్డి, అడవి ఎమ్మర్ మాత్రం మీటరు దాటి పెరుగుతుంది. ఎత్తును బట్టి ఏం తేలుతుంది?

బరువు గడి కూడా అంతే. మామూలు గోధుమ వెయ్యి గింజలు 35 నుంచి 45 గ్రాములు తూగుతాయి. టౌషీది అందులో సగం కూడా ఉండదు. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ అడవి ఎమ్మర్ గింజ చిన్నదేం కాదు, సన్నగా పొడుగ్గా ఉంటుంది. దాన్ని కొన్ని సాగు రకాల పక్కన పెడితే ఏది అడవిదో బరువు చెప్పదు.

చూడాల్సింది ఒక్కటే: పండిన కంకి తనంతట తాను విరిగిపోతుందా, లేదా. అడవి గోధుమ పండగానే కంకి మధ్యలో ఉండే కాడ ప్రతి కణుపు దగ్గరా విడిపోతుంది. పై నుంచి మొదలుపెట్టి చిరుకంకులు (కంకిలో పొట్టుతో పాటు గింజలుండే చిన్న గుత్తులు) ఒక్కొక్కటిగా నేల మీద పడతాయి. కొద్ది రోజుల్లో మొక్కకు ఒట్టి పుల్ల మిగులుతుంది. సాగు గోధుమ కంకి మనం వచ్చి కోసేదాకా అలాగే నిలబడి ఉంటుంది. మీ పట్టికలో ఈ గడే లేదు.

హనుమకొండ బాటనీ
థ్యాంక్యూ సార్. కానీ ఫొటోలో, అదీ ఎండబెట్టి కాగితానికి అతికించిన నమూనాలో, కంకి విరుగుతుందో లేదో ఎలా చూడను?

సైన్స్ పంతులు
అమ్మా, రిటైరయ్యాక ఇలాంటి ప్రశ్నల కోసమే ఎదురుచూస్తున్నా. జనగామలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పినవాణ్ని, కొంచెం పొడుగ్గా రాస్తే ఓర్చుకోండి.

విడిపోయిన చోట మచ్చ చూడాలి. చిరుకంకి కాడ నుంచి ఊడిన చోట చేతి లెన్సుతో చూస్తే అడవిదానికి మచ్చ నున్నగా ఉంటుంది. ముదిరిన ఆకు చెట్టు నుంచి రాలినప్పుడు కొమ్మ మీద మిగిలే గుర్తు లాంటిదన్నమాట. అక్కడ కణాల పొర ముందే సిద్ధమై ఉంటుంది, టైము రాగానే విడిపోతుంది. సాగుదానికి ఆ పొర ఏర్పడదు. నూర్పిడిలో బలవంతంగా విరుగుతుంది కాబట్టి మచ్చ చిరిగి, గరుకుగా, ఒక్కోసారి పై ముక్క కొంత అంటుకుని కనిపిస్తుంది.

పురావస్తు శాస్త్రజ్ఞులు పట్టుకున్న ఆధారం కూడా ఇదే. పాత పొయ్యిల్లో, చెత్తకుప్పల్లో బొగ్గయిన గోధుమ ముక్కలు దొరికితే ముందు మచ్చలు చూస్తారు. ఇజ్రాయెల్‌లో గలిలీ సరస్సు ఒడ్డున ఒహాలో అనే చోట సుమారు 23,000 ఏళ్ల నాటి మనుషులు గోధుమ, బార్లీ ఏరుకు తిన్న ఆనవాళ్లున్నాయి. వ్యవసాయం అప్పటికి ఎక్కడుంది! కాబట్టి గోధుమ దొరికినంత మాత్రాన సాగు చేశారని కాదు, మచ్చ గరుకైనవి ఎన్ని, నున్ననివి ఎన్ని అన్నది లెక్క.

ఒక హెచ్చరిక. ఒక్క చిరుకంకిని చూసి తీర్పు చెప్పకు. అడవి మొక్కలో కూడా కంకి అడుగున ఉండే ఒకటి రెండు అంత తేలిగ్గా ఊడవు, పచ్చిగా ఉన్నప్పుడు కోసి నూరిస్తే వాటి మచ్చ కూడా చిరుగుతుంది.

బ్రీడర్ 42
పంతులు గారు చెప్పినదానికి ఒక చేర్పు. చిరుకంకి కింద కాడ ముక్క ఎటువైపు మిగిలిందో కూడా రాసుకోండి. అడవి ఎమ్మర్‌లో కాడ ముక్క చిరుకంకి కిందికి మొనలా ఉంటుంది, మొత్తం చూస్తే బాణం ములుకులా కనిపిస్తుంది. టౌషీలో ముక్క కిందికి కాకుండా చిరుకంకి పక్కనే అంటుకుని పైకి ఉంటుంది, ఆకారం పీపాలా గుండ్రం. రెండూ అడవివే, రెండూ రాలేవే, రాలే తీరు వేరు.

గిర్ని అక్క
కాజీపేటలో మాది పిండి గిర్ని. ఈ మధ్య ఖప్లీ అని తెచ్చేవాళ్లు ఎక్కువైనరు. ప్యాకెట్‌ది అయితే ఇబ్బంది లేదు. ఒకాయన మాత్రం నేరుగా రైతు దగ్గర కొన్నానని పొట్టుతో పాటే సంచి తెచ్చి పట్టుమన్నడు. చేత్తో నలిపితే గింజ రాదు, పొట్టు అంత గట్టిగ పట్టుకొని ఉన్నది. వడ్లు తెచ్చి పిండి పట్టుమన్నట్టే ఉంది. ఇంత గట్టి పొట్టు ఉందంటే అది అడవిదే కదా మరి?

ఖని రాజన్న
అవునక్కా, అడవిదే. వేల ఏండ్ల నాటి అసలు గోధుమ, మనిషి చెయ్యి పడనిది. అందుకే షుగర్ ఉన్నోళ్లకు మంచిది, గ్లూటెన్ ఉండదు. మా ఇంట్లో అదే తింటున్నం. కిలో ధర చూస్తే గుండె గుభేలుమంటది కానీ ఆరోగ్యం ముఖ్యం.

బ్రీడర్ 42
రాజన్నా, రుచి నచ్చితే తినండి, దానితో నాకు పేచీ లేదు. కానీ మూడు మాటలు ఒప్పుకోలేను.

ఖప్లీ అంటే ఎమ్మర్, అడవి ఎమ్మర్ కాదు, సాగు ఎమ్మర్. ఉత్తర కర్ణాటక, దక్షిణ మహారాష్ట్ర, గుజరాత్‌లో రైతులు తరతరాలుగా వేస్తున్న పంట. అందులో గ్లూటెన్ అనే గోధుమ ప్రొటీన్ ఉంటుంది. సీలియాక్ జబ్బు (గ్లూటెన్ పడకపోవడం) ఉన్నవాళ్లు మామూలు గోధుమలాగే దీన్నీ ముట్టకూడదు. ఇది మాత్రం సరదా విషయం కాదు, దయచేసి ఎవరికీ గ్లూటెన్ లేదని చెప్పకండి. ఇక "మనిషి చెయ్యి పడనిది" అన్నారు. ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం డీడీకే 1025, 1029 రకాలు ఇచ్చింది, పుణెలోని అఘార్కర్ సంస్థ ఎంఏసీఎస్ 2971 అనే పొట్టి రకం ఇచ్చింది. ఇవన్నీ ఖప్లీలే, బ్రీడర్లు కూర్చుని తయారుచేసినవే.

గిర్ని అక్క ప్రశ్న అసలైనది. కంకి విరగడం వేరు, పొట్టు వదలడం వేరు. రెండిటినీ కలిపేస్తేనే ఖప్లీ అడవిదనిపిస్తుంది. వరుసగా చూడండి. అడవి ఎమ్మర్: కంకి తానే రాలుతుంది, గింజను పొట్టు వదలదు. ఖప్లీ: కంకి రాలదు, కానీ నూరిస్తే గింజలుగా కాకుండా చిరుకంకులుగా తుంపులవుతుంది, పొట్టు తీయడానికి మళ్లీ దంచాలి. డ్యూరమ్ (గట్టి గింజ గోధుమ), మన రొట్టె గోధుమ (అంటే మామూలు గోధుమ): కంకి రాలదు, నూరిస్తే పొట్టు విడిచి గింజ బయటికి వస్తుంది. మొదటి మార్పుకు కారణం బీటీఆర్ అనే జన్యువులు పాడవడం. ఎమ్మర్‌లో రెండు జన్యు సముదాయాలు ఉన్నాయి కాబట్టి రెండు చోట్లా పాడైతేనే కంకి పూర్తిగా నిలుస్తుంది. రెండో మార్పు చాలా కాలం తర్వాత వచ్చింది, దానిలో ముఖ్యమైనది క్యూ అనే జన్యువు. కాబట్టి ఖప్లీ అడవి దాటింది, సగం దారిలో ఆగింది.

గిర్ని అక్క
అట్లయితే పొట్టుతో తెచ్చినోళ్లను ముందు రైస్ మిల్లుకు పొమ్మంట, పొట్టు తీయించుకొని రమ్మంట.

హనుమకొండ బాటనీ
సార్, దీంతో నా సగం చిక్కు తీరింది. ఖప్లీ చిరుకంకిని విప్పి చూశాను, లోపల రెండు గింజలు. రెండు కొసలూ సూదిగా, వీపు కొంచెం గూనిగా ఉన్నాయి. మామూలు గోధుమ చిరుకంకిలో మూడు, కొన్నింట్లో నాలుగు వచ్చాయి, గింజ బొద్దుగా, నడుమ గాడి లోతుగా ఉంది. గింజల సంఖ్యను బట్టి అడవి, సాగు అని చెప్పొచ్చా?

సైన్స్ పంతులు
జాతి చెప్పొచ్చు, అడవి సాగు తేడా చెప్పలేం. ఐన్‌కార్న్‌కు మామూలుగా చిరుకంకికి ఒక గింజ, ఎమ్మర్‌కు రెండు, రొట్టె గోధుమకు మూడు నుంచి ఐదు. కానీ అడవి ఐన్‌కార్న్‌లోనే రెండు గింజలవీ ఉన్నాయి. గింజ ఆకారం మీద కూడా ఎక్కువ ఆధారపడకు. మన ఉపఖండంలోనే ముత్యంలా గుండ్రటి గింజ ఉండే పొట్టి గోధుమ ఒకటి ఉంది, ట్రిటికమ్ స్ఫెరోకాకమ్. అది పూర్తిగా సాగుదే, కానీ దాని గింజను మామూలు గోధుమ గింజ పక్కన పెడితే వేరే పంట అనుకుంటావు.

నర్సంపేట యువరైతు
నాకో డౌటు. పండితే రాలిపోయేది అడవిది అంటున్నరు. మరి నువ్వులు? కాయ ఎండితే పగిలి గింజంతా చేన్లనే పడుతది. అందుకే కింది కాయలు పసుపు తిరగంగనే కోసి కట్టలు కట్టి నిలబెడతం, ఎండినంక దులుపుతం. ఎన్ని తరాల నుంచి వేస్తున్నం, ఇంకా రాలుడు పోలె. నువ్వులు అడవి మొక్కనా?

బ్రీడర్ 42
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన మంచి ప్రశ్న ఇదే. నువ్వు సాగు పంటే, కానీ పగిలే గుణం పోగొట్టుకోలేదు. పగలని కాయల రకాలు బ్రీడర్లు ఈ మధ్యకాలంలో తెచ్చినవి. ఎందుకు పోలేదో మీ పోస్టులోనే ఉంది, మళ్లీ చదవండి.

నర్సంపేట యువరైతు
పచ్చిగ కోస్తున్నం కాబట్టి?

బ్రీడర్ 42
అంతే. పగిలే మొక్కా, పగలని మొక్కా రెండూ మీ కట్టలోకి సమానంగా వస్తున్నాయి. విత్తనంలో దేనికీ ఎక్కువ వాటా దక్కట్లేదు. గోధుమ ఎంత వేగంగా సాగు పంటగా మారింది అనే వాదమంతా దీని మీదే నడిచింది. పండాక కొడవలితో కోస్తే రాలేవి నేల మీద పోతాయి, రాలనివే ఇంటికి వస్తాయి, వాటినే మళ్లీ విత్తితే ఏటేటా రాలనివి పెరుగుతాయి. ఇలా లెక్కేసి 1990లో హిల్‌మన్, డేవిస్ అనే ఇద్దరు 20 నుంచి 200 ఏళ్లలో పని అయిపోవచ్చన్నారు. కానీ ఆ రోజుల్లో జనం కూడా రాలిపోతుందన్న భయంతో మీలాగే పచ్చిగా కోసి ఉంటే? లేదా కోసింది తినేసి, విత్తనానికి మళ్లీ అడవి నుంచే తెచ్చుకుంటే? అప్పుడు రాలనిదానికి ఏ లాభమూ లేదు. 2006లో తన్నో, విల్‌కాక్స్ పాత ఊళ్లలో దొరికిన చిరుకంకుల మచ్చలు లెక్కపెట్టి చూస్తే, రాలనివి మెల్లమెల్లగా పెరిగి పైచేయి కావడానికి వెయ్యేళ్లకు పైనే పట్టిందని తేలింది. నేనైతే ఈ రెండో పక్షమే.

సైన్స్ పంతులు
జాక్ హార్లన్ అనే అమెరికా వృక్ష శాస్త్రజ్ఞుడి సంగతి చెప్పకుండా ఉండలేను. 1960లలో ఆయన టర్కీ ఆగ్నేయంలో కరజదాగ్ కొండల మీద అడవి ఐన్‌కార్న్‌ను చెకుముకి రాయి కొడవలితో కోసి చూశాడు. గంటకు కిలో దాకా శుభ్రమైన గింజ వచ్చింది. ఒక కుటుంబం మూడు వారాలు కష్టపడితే ఏడాది తిండికి మించి వస్తుందని లెక్కగట్టాడు. అడవిలోనే అంత దొరికితే దున్నాల్సిన గతి ఎవరికి పట్టింది అని అప్పట్లో క్లాసులో అడిగేవాణ్ని. పిల్లలు నా మొహం చూసేవాళ్లు. 1997లో అదే కొండల్లోని అడవి ఐన్‌కార్న్, సాగు ఐన్‌కార్న్‌కు డీఎన్‌ఏలో అన్నిటికన్నా దగ్గరగా ఉందని తేలడం ఇంకో ముచ్చట.

జైనథ్ రైతు
మీసాల సంగతి ఎవరూ ఎత్తలే. నా చేన్ల గోధుమకు మీసాలు ఉన్నయి, ఖప్లీకి ఇంకా పొడుగుంటయి. అడవిదానికి కూడా ఉన్నయంటే ఆ గడి కూడా పనికిరాదు కదా.

బ్రీడర్ 42
పొడవు పనికిరాదన్నా, చేసే పని చూస్తే పనికొస్తుంది. అడవి ఎమ్మర్ చిరుకంకికి రెండు గట్టి మీసాలుంటాయి. పగలు గాలి పొడిగా ఉన్నప్పుడు అవి బయటికి వంగుతాయి, రాత్రి తేమకు దగ్గరికి వస్తాయి. వాటి మీద వెనక్కి జారనివ్వని సన్నటి నూగు ఉంటుంది. రోజుకోసారి ఇలా వంగి, నిటారై, చిరుకంకి నేలలోకి తనను తాను తోసుకుంటుంది. 2007లో జర్మనీ, ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూపించారు. అంటే అడవి గోధుమ తన విత్తనం తానే వేసుకుంటుంది. మీ గోధుమ మీసాలకు ఆ పని లేదు. ఎండలో గింజకు కొంత ఆహారం తయారుచేస్తాయి, అంతవరకే.

జైనథ్ రైతు
అడవి పందులు రాకుండా కూడా చేస్తే బాగుండు.

హనుమకొండ బాటనీ
అడవి ఎమ్మర్‌లో రెండు గింజలూ ఒకేసారి మొలవవని చదివాను. నిజమేనా?

బ్రీడర్ 42
నిజమే. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది మొదటి వానకు మొలుస్తుంది, చిన్నది సాధారణంగా మరుసటి ఏటికి ఆగుతుంది. వాన తప్పితే వంశం మొత్తం పోకుండా ఏర్పాటు. రైతుకు అలా ఆగే విత్తనం పనికిరాదు, అందుకే సాగులో ఆ నిద్ర చాలావరకు పోయింది. పోయినందుకు శిక్ష కూడా ఉంది.

జైనథ్ రైతు
శిక్ష నాకు తెలుసు. మార్చిలో కోతకు ముందు వాన పడ్డదంటే కంకి మీదనే మొలకెత్తుతది. ఆ గోధుమ ఎవడు కొంటడు?

హనుమకొండ బాటనీ
ఇంకొకటి. ఐన్‌కార్న్‌కు అడవి జత ఉంది, ఎమ్మర్‌కు ఉంది. రొట్టె గోధుమ పక్కన అడవి గడి ఖాళీగా ఉంది. ఎంత వెతికినా దొరకట్లేదు.

బ్రీడర్ 42
ఖాళీగానే వదిలేయండి, అదే సరైన జవాబు. రొట్టె గోధుమ అడవిలో ఎన్నడూ లేదు. సాగు ఎమ్మర్ వర్గం గోధుమ కాస్పియన్ సముద్రం వైపు పొలాల్లోకి వెళ్లాక, గట్ల మీద గడ్డిగా ఉన్న టౌషీతో కలిసి పుట్టింది. 28 క్రోమోజోములకు 14 కలిసి 42 అయ్యాయి. (నా పేరులో 42 అందుకే, వయసు కాదు.) జపాన్‌లో కిహరా, అమెరికాలో మెక్‌ఫాడెన్, సియర్స్ 1940లలో విడివిడిగా ఈ టౌషీ పాత్రను తేల్చారు. కాబట్టి రొట్టె గోధుమ గడిలో "తల్లిదండ్రుల్లో ఒకటి సాగుది, ఒకటి అడవిది" అని రాయండి. ఫొటోలో టౌషీని గుర్తుపట్టాలంటే చిరుకంకి పైపొట్టు చూడండి. గోధుమకు వీపున నిలువుగా గట్టి గీత లేచి ఉంటుంది, టౌషీకి ఆ గీత ఉండదు, నున్నగా గుండ్రంగా ఉంటుంది.

నర్సంపేట యువరైతు
మా వరిల బెరుకులు ఉంటయి కదా, కోతకు ముందే రాలిపోయి మళ్లేడు తామే మొలుస్తయి. గోధుమల అట్లాంటివి లేవా? సాగుది మళ్లీ అడవిదైనట్టు.

బ్రీడర్ 42
ఉన్నాయి. టిబెట్‌లో గోధుమ, బార్లీ చేలల్లో కలుపుగా పెరిగే 42 క్రోమోజోముల గోధుమ ఒకటి ఉంది, దాని కంకి రాలుతుంది. సాగు గోధుమే దారి తప్పి మళ్లీ రాలడం మొదలుపెట్టింది. బాటనీ గారూ, రాలే గుణం చూసి వెంటనే "పూర్వీకం" అని రాయకుండా ఉండటానికి ఇది ఉదాహరణ.

ఖని రాజన్న
సార్, అన్నీ విన్న. కానీ అడవిదాంట్ల బలం ఎక్కువ అనేది వట్టి మాటనా?

బ్రీడర్ 42
వట్టి మాట కాదు రాజన్నా. అడవి ఎమ్మర్‌లో ప్రొటీన్, జింకు, ఇనుము గింజలోకి ఎక్కువ చేర్చే జన్యువు ఒకటి ఉంది, 2006లో దాన్ని విడదీసి చూపించారు. ఇప్పటి గోధుమల్లో ఎక్కువవాటిలో అది పనిచేయదు. కుంకుమ తెగులును తట్టుకునే జన్యువుల్లో ఎస్ఆర్33 టౌషీ నుంచి, ఎస్ఆర్35 ఐన్‌కార్న్ నుంచి వచ్చాయి. గోధుమ బ్రీడర్లు అడవి చుట్టాల వెంట పడేది వీటి కోసమే. అయితే అవేవీ కంటికి కనిపించే లక్షణాలు కావు, ప్యాకెట్ మీద బొమ్మ చూసి కొనేవీ కావు.

హనుమకొండ బాటనీ
పట్టిక మళ్లీ గీశాను. మొదట కంకి రాలడం, తర్వాత మచ్చ, కాడ ముక్క ఎటువైపు, పొట్టు వదలడం, పైపొట్టు వీపు గీత, చిరుకంకికి గింజలు. ఎత్తు, బరువు, మీసాల పొడవు చివరికి పోయాయి, రొట్టె గోధుమ అడవి గడి ఖాళీ. అడవి విత్తనం కొంచెం దొరికితే కుండీలో పెంచి చూడాలని ఉంది. విదేశీ సైటు ఒకటి పంపుతానంటోంది.

బ్రీడర్ 42
సైటు నుంచి వద్దు. విదేశీ విత్తనం క్వారంటైన్ దాటకుండా రాకూడదు. ఈజిలాప్స్ అయితే కలుపు కూడా, తప్పించుకుంటే పట్టుకోలేం. మీ డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో ఢిల్లీలోని ఎన్‌బీపీజీఆర్‌కు (మొక్కల జన్యు వనరుల జాతీయ సంస్థ) రాయండి. హైదరాబాద్‌లో వాళ్ల ప్రాంతీయ కేంద్రం ఉంది, దరఖాస్తు ఎలా పెట్టాలో అక్కడ అడగొచ్చు. టైము పడుతుంది, ఈ సెమిస్టర్‌కు అందుతుందని ఆశ పెట్టుకోకండి.

జైనథ్ రైతు
అప్పటిదాకా సాగుదాన్నన్నా పూర్తిగ చూడు. మార్చిలో కోతకు వస్తం. ఒక మూలకు నాలుగు సాళ్లు కోయకుండ వదిలేస్త, ఏప్రిల్ ఎండల దాకా ఉండనీ. కంకి ఎన్ని రోజులు నిలుస్తదో వచ్చి నీ లెన్సుతో చూసుకో. పందులు వదిలితే మాత్రమే, ముందే చెప్తున్న.